సైకిలు సామానేనా?

పోయిన ఎండాకాలం హిందూపురం చుట్టుపక్కల గార్మెంట్సు పనికి వెళ్ళే స్త్రీలతో మాట్లాడుతూ తిరిగాను. నా ప్రశ్నావళిలో ‘పనికి ఎలా వెళ్తారు?’ అన్న ప్రశ్నకు ఎదురుగా ఒక్క గడి ఉంది. నడక, సైకిలు, బస్సు, రైలు - ఏదో ఒకటి రాయాలి. ఒకామె దగ్గర ఆ గడి చాల్లేదు. ఊరినుంచి స్టేషనుకు మూడు కిలోమీటర్లు సైకిలు. అక్కణ్ణుంచి రైలు. దిగాక ఫ్యాక్టరీకి నాలుగు కిలోమీటర్లు నడక. సాయంత్రం మళ్ళీ అదే వరస. వేరుశనగ వరసగా దెబ్బతిని, బోరు ఎండిపోయి, చేను బీడు పడ్డాక ఆమె ఈ దారి పట్టింది.

“ఒకదినం సైకిలు గూడా రైల్లోకి ఎక్కించబోతి మేడమ్. ఇది సామానుమ్మా, పార్సిలు చేసుకోపో అనిరి. ఆ స్టేషన్లో పార్సిలాఫీసే లేదు. అదే పెట్టెలో మొగోళ్ళ పాలక్యాన్లు ఉండాయి. వాట్ని ఎవురూ అడగల్యా” అందామె.

ఆమెను ఆపినవాళ్ళు నిబంధన ప్రకారమే ఆపారు. సెకండ్ క్లాసు ప్రయాణికులు 35 కిలోల సామాను ఉచితంగా తీసుకుపోవచ్చు. స్కూటరు, సైకిలు మాత్రం ఆ ఉచిత పరిమితిలోకి రావు. వాటిని బుక్ చేసి బ్రేకువ్యానులో వేయాలి. అంటే 20 కిలోలకు అటూఇటూ ఉండే సైకిలుకు లేని చోటు అంతకంటే బరువైన మూటకు ఉంది. ఈ నిబంధన దృష్టిలో సైకిలు ఎప్పుడో ఒకసారి ఊరు మారేటప్పుడు పంపే వస్తువు. రోజూ పనికి పోయే మనిషికి అది కాళ్ళతో సమానమన్న ఊహే అందులో లేదు.

నిబంధన అందరికీ ఒకేలా వర్తించదన్నది కూడా మనకు తెలుసు. ఉత్తరాదిన పాలవ్యాపారులు ప్యాసింజరు బళ్ళ కిటికీ చువ్వలకు క్యాన్లూ సైకిళ్ళూ వేలాడదీసుకుని పోవడం కొత్తేమీ కాదు. గుంపుగా వచ్చే మగవాళ్ళ ముందు నిబంధన మెత్తబడుతుంది. ఒంటరిగా నిలబడ్డ ఆడమనిషి ముందు బిగుసుకుంటుంది. అందుకే ‘చూసీ చూడనట్టు పోనిస్తున్నారు కదా’ అన్న మాటతో స్త్రీలకు ఒరిగేదేమీ లేదు. వాళ్ళకు కావలసింది రాతపూర్వకమైన హక్కు.

ఇన్ని సమస్యలుండగా సైకిలు గురించి మాట్లాడాలా అని మన సంఘాల్లోనే కొందరు అడుగుతారు. లెక్క వేసి చూడండి. నాలుగు కిలోమీటర్ల నడకకు దాదాపు 50 నిమిషాలు పడుతుంది. సైకిలు మీద 20 నిమిషాలు చాలు. రానూపోనూ రోజుకు ఒక గంట మిగులుతుంది. నెలకు 26 పనిదినాలంటే 26 గంటలు, అంటే ఎనిమిది గంటల షిఫ్టులు మూడింటికి పైనే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, నీళ్ళు పట్టి, వంట చేసి బయలుదేరే మనిషి కూలి లేకుండా కాళ్ళతో చెల్లిస్తున్న శ్రమ ఇది. షేర్ ఆటో ఎక్కితే ఆ భారం కూలి డబ్బుల మీద పడుతుంది.

ఈ శ్రమ లెక్కల్లోకి కూడా రాదు. 2011 జనాభా లెక్కల్లో పనికి ఎంత దూరం, ఏ వాహనం మీద వెళ్తారని అడిగింది ‘ఇతర పనివారి’నే. రైతులనూ వ్యవసాయకూలీలనూ ఇంటిపట్టున పరిశ్రమ నడిపేవారినీ అడగలేదు. గ్రామీణ స్త్రీలలో అత్యధికులు ఉన్నది ఈ పనుల్లోనే. ఇక నా ఒక్క గడి ప్రశ్నావళి చేసిన తప్పు కూడా అటువంటిదే.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని కాదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ‘స్త్రీశక్తి’ పేరిట ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మంచి పని. కానీ అది రాష్ట్రం దాటే బస్సులకు వర్తించదు. బెంగుళూరు వైపు పనికి పోయే అనంత స్త్రీలకు చవకైన దారి ఇప్పటికీ రైలే. పైగా బస్సయినా రైలయినా దిగాక మిగిలే దూరాన్ని ఏ పథకమూ చూడటం లేదు. మన రాష్ట్రంలోనే ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. బిహార్‌లో 2006లో మొదలైన ఇటువంటి పథకం వల్ల హైస్కూళ్ళలో చేరే ఆడపిల్లల సంఖ్య బాగా పెరిగిందని పరిశోధకులు తేల్చారు. బడి వయసులో సైకిలెక్కిన ఆడపిల్ల కూలికి పోయే వయసుకు స్టేషను గేటు దగ్గర దిగిపోవాలా?

మనకు పొరుగునే ఒక పాఠం ఉంది. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం స్త్రీలకు చదువుతోపాటు సైకిలు తొక్కడమూ నేర్పింది. వ్యవసాయకూలీలు, క్వారీ పనివాళ్ళు, గ్రామ నర్సులు వేల సంఖ్యలో నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ స్త్రీలు సైకిళ్ళు కొనుక్కోవడానికి బ్యాంకు రుణాలిప్పించారు. నవ్విన నోళ్ళు ఆనాడూ ఉన్నాయి. ఉద్యమం ఆగలేదు.

రైల్లో సైకిలు అసాధ్యమూ కాదు. కొచ్చి మెట్రో 2020 నవంబరులో ముందు ఆరు స్టేషన్లలో సైకిళ్ళను అనుమతించింది. కోపెన్‌హేగన్ పట్టణ రైళ్ళలో 2010 నుంచి సైకిలుకు టిక్కెట్టే లేదు, వాటికి పెట్టెలో ప్రత్యేకం చోటుంది. మన బళ్ళలో రద్దీ ఎక్కువే. చిన్న స్టేషన్లలో రైలు ఆగేది కాసేపే. తక్కువ ఎత్తు ప్లాట్‌ఫారం మీంచి సైకిలు ఎత్తడమూ కష్టమే. ఇవి తీర్చుకోవలసిన ఇబ్బందులు. వద్దనడానికి కారణాలు కావు.

కాబట్టి మన కోరికలు స్పష్టంగా ఉండాలి. పనివేళల్లో నడిచే ప్యాసింజరు, మెము బళ్ళలో స్త్రీల పెట్టెను ఆనుకుని, బుకింగుతో పనిలేకుండా సైకిళ్ళు కట్టే చోటు ఇవ్వాలి. ఆ చోటు మొదట స్త్రీలకే దక్కాలి. లేకపోతే మగవాళ్ళ బండ్లతో నిండిపోతుంది. చిన్న స్టేషన్లలో దీపమూ తాళమూ ఉన్న సైకిలు షెడ్డు కట్టాలి. గుంతకల్లు, బెంగుళూరు డివిజన్ల అధికారుల ముందు, వాళ్ళ ప్రయాణికుల సంప్రదింపుల కమిటీల ముందు మన సంఘాలు ఈ మాట పెట్టాలి.

అంతకుముందు మన సమావేశాలకు వచ్చే ప్రతి స్త్రీనీ ఇల్లు దాటింది మొదలు పని చేరేదాకా దారి మొత్తం చెప్పమని అడుగుదాం. ఆ వివరాలే మన వినతిపత్రానికి బలం. నా ప్రశ్నావళిలో ఆ గడి కొట్టేసి, కింద సగం పేజీ ఖాళీ వదిలాను.