రెసిపీ మనదా, డాక్టరుదా?

‘డాక్టరుగారు మందులు ప్రిస్క్రైబ్ చేశారు’ అంటూంటాం కదా, ఆ మాటని విడదీసి చూస్తే భలే ఉంటుంది. లాటిన్‌లో ‘ప్రే’ అంటే ముందు, ‘స్క్రీబెరె’ అంటే రాయడం. నువ్వు చేయాల్సింది ఇదీ అని ముందే రాసి చేతిలో పెట్టడమన్నమాట. అందుకే అందులో కాస్త హుకుం వినిపిస్తుంది. రోమన్లు మైనం పూసిన చెక్కపలకల మీద మొనదేలిన పుల్లతో గీసి రాసేవారు, మన పెద్దలు తాటాకు మీద గంటంతో రాసినట్టే. స్క్రీబెరెకి మూలార్థం గీకడమేనట. కొందరు డాక్టర్ల చీటీలు చూస్తే ఆ అర్థం ఇంకా పోలేదనిపిస్తుంది!

సబ్‌స్క్రైబ్ కూడా ఈ ఇంటిదే. కింద రాయడం, అంటే కాగితం అడుగున సంతకం పెట్టి ఒప్పుకోవడం. పత్రికకి చందా కట్టడానికి ఆ మాట అలా వచ్చింది. ‘ప్రి’ తీసి ‘ప్రో’ పెడితే మాత్రం కొంప మునిగినట్టే. ప్రోస్క్రైబ్ అంటే నిషేధించడం. క్రీ.పూ. 82లో సుల్లా అనే రోమన్ నాయకుడు తన శత్రువుల పేర్లు రాయించి నలుగురికీ కనబడేలా పెట్టించాడు. ఆ జాబితాలో పేరున్నవాణ్ణి ఎవరైనా చంపేయొచ్చు.

ఇక మందుల చీటీ మీద ఆర్ అక్షరానికి కాలి దగ్గర అడ్డగీత ఉంటుంది చూడండి. అది ‘రెసిపె’ అనే లాటిన్ మాటకి పొట్టిరూపం. అర్థం ‘తీసుకో’. ఫలానా దినుసు ఇంత తీసుకో అని మందు కలిపేవాడికి చెప్పడం. పోపులడబ్బా పక్కన పెట్టుకుని మనం చదివే రెసిపీ అదేనండీ! మొదట వైద్యులది, తర్వాతే వంటింటిది.

మందు పేరు పక్కనుండే పొడి అక్షరాలూ లాటినే. బీడీ అంటే రోజుకి రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు. ఏసీ తిండికి ముందు, పీసీ తిన్నాక, హెచ్‌ఎస్ పడుకోబోయే ముందు. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఎస్ఓఎస్. మా వీధిలో ఒక పెద్దావిడకి నొప్పి మాత్ర పక్కన అలా రాస్తే, ఏదో అర్జెంటు కాబోలనుకుని కోడలు వారం రోజులు మూడుపూటలా వేసింది. పాపం, కడుపులో మంట, వాంతులు. ఓడ మునిగేటప్పుడు పంపే కబురు కాదది, ‘అవసరమైతేనే’ అని.

మందుల పేర్లు చదవగలిగేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లో నిబంధన పెట్టింది. కనుక చీటీ అర్థం కాకపోతే మొహమాటపడకండి. కుర్చీలోంచి లేచే ముందే, ‘ఏది ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో రాసివ్వండి డాక్టరుగారూ’ అని అడగండి.