57 సెంట్ల పార్టు, 124 ప్రాణాలు: చెవ్రోలెట్ కోబాల్ట్ కథలో మనకేముంది?

జనరల్ మోటార్స్ 2004 చివర్లో అమెరికా మార్కెట్‌లోకి చెవ్రోలెట్ కోబాల్ట్ అనే చిన్న కారును తెచ్చింది. ఒహాయోలోని లార్డ్స్‌టౌన్ ఫ్యాక్టరీలో తయారైన ఈ కారును ఎక్కువగా కొన్నది తక్కువ బడ్జెట్ వాళ్లే. 2010లో ఉత్పత్తి ఆగిపోయింది. అసలు కథ మాత్రం 2014లో బయటపడింది.

లోపం ఎక్కడ?

ఇగ్నిషన్ స్విచ్‌లో. అందులోని స్ప్రింగ్ మరీ వదులు. కీచైన్ కాస్త బరువుగా ఉన్నా, మోకాలు తగిలినా నడుస్తున్న బండి తాళం దానంతట అదే వెనక్కి తిరిగేది. ఇంజిన్ ఆగిపోయేది, స్టీరింగ్ బిగుసుకుపోయేది. అన్నిటికన్నా ఘోరం, గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది కాదు.

కంపెనీకి తెలియదా అంటే, తెలుసు. 2005లోనే డీలర్లకు ఒక సూచన పంపింది: తాళం గుత్తిలో బరువు తగ్గించుకోమని కస్టమర్లకు చెప్పండని. తప్పు కారుది, జాగ్రత్త పడాల్సింది మాత్రం కొన్నవాడు! 2006లో స్విచ్‌ను మార్చారు గానీ పార్ట్ నంబర్ మార్చలేదు. దాంతో పాతదేదో కొత్తదేదో ఎవరికీ తెలియలేదు. జార్జియాలో ప్రమాదంలో చనిపోయిన ఓ యువతి తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. వాళ్ల లాయర్ పెట్టుకున్న ఇంజినీర్ రెండు స్విచ్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే గానీ గుట్టు బయటపడలేదు.

లెక్క ఎక్కడ తప్పింది?

2014లో దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. ఆ పార్టు ఖరీదు 57 సెంట్లేనని అమెరికా కాంగ్రెస్ విచారణలో తేలింది. మొదట కంపెనీ 13 మరణాలే అంది. చివరికి పరిహార నిధి ఒప్పుకున్నది 124. 2015లో ప్రభుత్వంతో 90 కోట్ల డాలర్లకు సెటిల్మెంట్ అయింది. ఒక్క అధికారి మీద కూడా క్రిమినల్ కేసు పెట్టలేదు. కొందరి ఉద్యోగాలు పోయాయి, అంతే.

బ్యాలెన్స్ షీట్‌లో 90 కోట్ల డాలర్లు ఒక లైన్. ఇంట్లో సంపాదించే మనిషి పోతే ఆ నష్టం రాయడానికి ఏ లెడ్జర్‌లోనూ కాలమ్ ఉండదు.

మన సంగతి ఏంటి?

మన దేశంలో కంపెనీ కోబాల్ట్‌ను అమ్మలేదు. కానీ చట్టం సంగతి చూడాలి. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం వచ్చాకే, లోపమున్న బండ్లను వెనక్కి పిలవమని కంపెనీని ఆదేశించే అధికారం కేంద్రానికి దక్కింది. 2021లో నిబంధనలు అమల్లోకి వచ్చాయి. జరిమానా గరిష్ఠంగా కోటి రూపాయలు. పైగా ఏడేళ్లు దాటిన వాహనాలకు ఇది వర్తించదు.

ఇప్పుడు లెక్క వేయండి. 2005 మోడల్ కోబాల్ట్ లోపం ఒప్పుకోవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. మన రూల్ ప్రకారమైతే ఆ కారుకు గడువు అప్పటికే దాటిపోయేది. మరి సెకండ్ హ్యాండ్‌లో పదేళ్ల పాత కారు కొనుక్కునే కుటుంబం ఎవరిని అడగాలి? ఏడేళ్ల గీతను మార్చాల్సింది ప్రభుత్వమే. అప్పటివరకు పాత బండి కొనేవాళ్లు ఆ మోడల్ మీద రీకాల్ ఏమైనా వచ్చిందా, వస్తే పని చేయించారా అని సర్వీస్ సెంటర్‌లో అడిగి తెలుసుకోవడం మంచిది.