గుమ్మం నుంచి గగనం వరకు

మానవుని ఆకాంక్షలలో అతి ప్రాచీనమైనది ఆకాశగమనం. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు మిగిలే పుష్పక విమానాన్ని మన పూర్వులు ఊహించారు. ఆ ఊహ ఇరవయ్యో శతాబ్దంలో వాస్తవ రూపం దాల్చింది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం నడిపి భారతీయ పౌర విమానయానానికి నాంది పలికారు. 1945లో నిజాం ప్రభుత్వం, టాటా సంస్థ కలసి హైదరాబాదులో దక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించాయి. ఆనాడు విమానం సంపన్నుల వాహనం. నేడు చదువు కోసం అమెరికా వెళ్లే విద్యార్థి, బతుకుతెరువు కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికుడు, మనుమని ముఖం చూడడానికి సముద్రాలు దాటే అమ్మమ్మ, అందరూ విమానం ఎక్కుతున్నారు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద కడప-హైదరాబాదు విమాన సర్వీసు ప్రారంభం కావడం ఈ మార్పుకు ఒక నిదర్శనం.

ప్రయాణికులు పెరిగిన కొద్దీ సౌకర్యాలూ పెరిగాయి. 2008 మార్చి 23న బేగంపేట విమానాశ్రయం నుంచి ప్రయాణికుల విమానాల రాకపోకలు శంషాబాదుకు తరలిపోయాయి. తొలుత ఏడాదికి కోటీ ఇరవై లక్షల మందికి సరిపడేలా నిర్మించిన ఆ ప్రాంగణాన్ని తరువాత మూడు కోట్ల నలభై లక్షల మందికి తగినట్లు విస్తరించారు. విశాలమైన భవనం, చల్లని గాలి, ముఖాన్ని గుర్తించి ద్వారం తెరచే యంత్రాలు అక్కడ ఉన్నాయి. ఇవన్నీ మెచ్చుకోదగినవే. అయితే విమానయాన సౌఖ్యం అంటే ఆ భవనం లోపలి సౌఖ్యం మాత్రమేనా? ప్రయాణికుని ప్రయాణం విమానాశ్రయ ద్వారం వద్ద కాక, అతని ఇంటి గుమ్మం వద్ద మొదలవుతుంది. ఆ గుమ్మం నుంచి విమానంలోని ఆసనం వరకు గల మార్గమంతా ఒకే ప్రయాణంగా భావించి ఏర్పాట్లు చేసినప్పుడే విమానయానం సుఖప్రదమవుతుంది.

నగరానికి తూర్పున ఉన్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలను పరిశీలిస్తే ఈ సత్యం బోధపడుతుంది. దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ సంస్థలకు, విద్యార్థుల వసతిగృహాలకు పేరుపొందింది. విదేశీ విద్యను కలగనే యువతీయువకులు అక్కడ వేల సంఖ్యలో కనిపిస్తారు. ఎల్.బి.నగర్ విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ రహదారి కలిసే కూడలి. సూర్యాపేట, నల్లగొండ, ఖమ్మం జిల్లాల నుంచి వచ్చేవారికి అది నగరపు ముంగిలి. ఇక్కడి నుంచి శంషాబాదు విమానాశ్రయం పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ దూరాన్ని దాటడానికి ఎంత సమయం పడుతుందో ముందుగా చెప్పడం కష్టం. అందువల్ల గంట ప్రయాణానికి మూడు గంటల ముందు బయలుదేరేవారు కొందరు. కూడలిలో చిక్కుకొని విమానం అందుకోలేక కన్నీరు పెట్టుకొనేవారు మరికొందరు.

ఈ ఇబ్బందిని తొలగించడానికి ప్రయత్నాలు జరగలేదని అనలేము. ఎల్.బి.నగర్ నుంచి చాంద్రాయణగుట్ట వైపు సాగే మార్గంలో బైరామల్‌గూడ వద్ద 2020లోనూ, ఒవైసీ ఆసుపత్రి కూడలి వద్ద 2021లోనూ పైవంతెనలు ప్రారంభమయ్యాయి. ఆర్టీసీ సంస్థ పుష్పక్ అనే సార్థక నామంతో శీతల బస్సులను విమానాశ్రయానికి నడుపుతోంది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట-ఎల్.బి.నగర్ మెట్రో మార్గం ప్రారంభమై దిల్‌సుఖ్‌నగర్ ప్రజలకు ఎంతో ఊరట కలిగించింది. నాగోలు నుంచి ఎల్.బి.నగర్, చాంద్రాయణగుట్టల మీదుగా విమానాశ్రయం వరకు సుమారు 36.8 కిలోమీటర్ల మెట్రో మార్గాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రతిపాదించి కేంద్రానికి పంపింది.

మెట్రో మార్గం కోసం ఎదురుచూడడం తప్పు కాదు. కాని అది వచ్చేవరకు చేతులు కట్టుకొని కూర్చోవడం తప్పు. గల్ఫ్ దేశాలకు వెళ్లే విమానాలలో అనేకం అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము వరకు బయలుదేరుతాయి. మెట్రో రైళ్లు రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో ఆగిపోతాయి. కనుక ఆ వేళల్లోనే బస్సుల అవసరం ఎక్కువ. విమానాల వేళలను అనుసరించి బస్సుల వేళలను నిర్ణయించాలి. ఎల్.బి.నగర్ మెట్రో స్టేషను సమీపంలో విమాన ప్రయాణికుల కోసం ఒక విశ్రాంతి మందిరం ఏర్పరచాలి. అందులో కూర్చోవడానికి బల్లలు, శుభ్రమైన మరుగుదొడ్లు, సామాను తోసుకుపోయే బండ్లు, విమానాల రాకపోకలు తెలిపే ఫలకం ఉంటే చాలు. వీటికి కోట్ల రూపాయలు అక్కరలేదు; కావలసింది శ్రద్ధ.

మరొక అడుగు ముందుకు వేసి, పెట్టెలను నగరంలోనే అప్పగించే వీలు కల్పించవచ్చు. హాంకాంగ్‌లో ఈ పద్ధతి 1998లోనే మొదలైంది. మన దేశంలో ఢిల్లీ విమానాశ్రయ మెట్రో మార్గంలోని న్యూఢిల్లీ, శివాజీ స్టేడియం స్టేషన్లలో కొన్ని విమాన సంస్థల ప్రయాణికులకు ఈ సౌకర్యం లభించింది. ప్రయాణికుడు అక్కడే పెట్టెలు ఇచ్చి, ఆసనపు చీటీ పుచ్చుకొని, తేలికైన చేతులతో రైలెక్కుతాడు. భద్రతకు భంగం కలుగుతుందన్న శంక సహజమే. కాని ముద్రలు వేసిన పెట్టెలను కాపలాతో తరలించి, విమానాశ్రయంలో తిరిగి తనిఖీ చేయడం అసాధ్యం కాదు. ఢిల్లీకి సాధ్యమైనది హైదరాబాదుకు అసాధ్యమెలా అవుతుంది?

బస్సుల్లో వేలాడుతూ ప్రయాణించేవారు లక్షలాదిగా ఉండగా విమానమెక్కేవారి సుఖం గురించి ఆలోచించడం న్యాయమా అని కొందరు ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్నలో ధర్మం ఉంది. అయితే సొంత కారు ఉన్నవానికి అర్ధరాత్రి బస్సు అక్కరలేదు. అది కావలసింది అప్పు చేసి కొడుకును విదేశానికి పంపే తండ్రికి, విమానాశ్రయంలో రాత్రి పాళీలో పనిచేసే పారిశుద్ధ్య కార్మికురాలికి. కాబట్టి ఈ ఏర్పాట్లు విలాసాలు కావు, సామాన్యుని అవసరాలు.

సౌఖ్యంలో రెండవ ముఖ్యాంశం భాష. ఆంగ్లం, హిందీ రాని వృద్ధ దంపతులు పిల్లలను చూడడానికి ఒంటరిగా ప్రయాణిస్తున్నారు. విమానం మారవలసిన చోట ఏ ద్వారానికి వెళ్లాలో వారికి తెలియదు. అందువల్ల కాళ్లలో సత్తువ ఉన్నా, వెంట ఒక మనిషి ఉంటాడన్న ధైర్యం కోసం చక్రాల కుర్చీని కోరుకొంటున్నారు. వారిని నిందించి ప్రయోజనం లేదు. వారికి కావలసింది కుర్చీ కాదు, దారి చూపే మనిషి. 2024 ఫిబ్రవరిలో ముంబయి విమానాశ్రయంలో దంపతులకు ఒకే కుర్చీ దొరకగా, భార్య వెంట నడచిపోయిన 80 ఏండ్ల వృద్ధుడు కుప్పకూలి మరణించాడు. ఆ విమాన సంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా విధించారు. జరిమానా పోయిన ప్రాణాన్ని తెచ్చి ఇవ్వలేదు. తెలుగు మాట్లాడే సహాయకులను నియమించి, పెద్దవారిని బృందాలుగా నడిపిస్తే, నిజంగా నడవలేనివారికి కుర్చీలు మిగులుతాయి. విమానాశ్రయాలలో ప్రకటనలు ముందుగా స్థానిక భాషలో చేయాలని 2018 డిసెంబరులో కేంద్ర పౌర విమానయాన శాఖ చేసిన సూచన కూడా ఈ దృష్టితోనే విలువైనది.

క్రమశిక్షణ భారమంతా ప్రభుత్వంపైనా, సంస్థలపైనా మోపడం భావ్యం కాదు. ప్రయాణికులకూ కొన్ని బాధ్యతలున్నాయి. ఒక విద్యార్థిని సాగనంపడానికి బంధుమిత్రులు నాలుగు వాహనాలలో తరలివెళితే దారి కిక్కిరిసిపోక ఏమవుతుంది? వీడ్కోలు ఇంటి వద్దనే పలికి, ఇద్దరు ముగ్గురు వెంట వెళితే అభిమానానికి లోటు రాదు. పెట్టెలు సర్దుకోవడంలోనూ జాగ్రత్త అవసరం. ఆవకాయ జాడీని చేతిసంచిలో పెట్టుకొంటే తనిఖీ వద్ద వదులుకోవలసి వస్తుంది. సెల్‌ఫోనుకు విద్యుత్తునందించే పవర్ బ్యాంకును పెద్దపెట్టెలో ఉంచరాదు, చేతిసంచిలోనే ఉంచుకోవాలి. ఇంటి వద్ద తూకం వేయని పెట్టెను కౌంటరు ముందు విప్పి సర్దుకొంటుంటే వెనుక నిలబడిన వారందరి సమయం వ్యర్థమవుతుంది. విమానం నేలను తాకగానే లేచి నిలబడి పై అరలు తెరవడం నాగరికత అనిపించుకోదు.

యంత్రాలు వచ్చినంత మాత్రాన మనిషి అవసరం తీరిపోదు. 2024 జులై 19న కంప్యూటర్ వ్యవస్థలు ప్రపంచవ్యాప్తంగా స్తంభించినప్పుడు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఆ రోజు ప్రయాణాలను సాగించింది కలం పట్టిన మనిషే. అలాగే విమానం ఆలస్యమైనప్పుడు, రద్దయినప్పుడు ప్రయాణికునికి గల హక్కులను పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నియమాలుగా రూపొందించింది. వాటిని సులభమైన తెలుగులో ముద్రించి, కౌంటర్ల వద్దనే కాక బస్సులలోనూ, మెట్రో స్టేషన్లలోనూ ప్రదర్శించాలి. హక్కు తెలిసిన ప్రయాణికుడు కేకలు వేయడు; మర్యాదగా అడిగి పొందుతాడు.

నాలుగు గంటలలో సముద్రాన్ని దాటించే విజ్ఞానం మనకు అందుబాటులోకి వచ్చింది. ఎల్.బి.నగర్ నుంచి శంషాబాదుకు నిశ్చింతగా చేర్చే వ్యవస్థ మాత్రం ఇంకా సమకూరవలసి ఉంది. మొదటిది శాస్త్రవేత్తల ప్రతిభకు చిహ్నం కాగా, రెండవది పాలకుల శ్రద్ధకు, పౌరుల సంస్కారానికి గీటురాయి. వేళకు వచ్చే బస్సు, తెలుగులో పలకరించే సహాయకుడు, వరుసలో నిలబడే ప్రయాణికుడు, ఈ మూడూ కలిసినప్పుడు ఒంటరిగా బయలుదేరిన వృద్ధురాలు సైతం భయం లేకుండా విమానం ఎక్కగలదు. అట్టివారికి సుఖమైనప్పుడే విమానయానం అందరికీ సుఖమైనదని చెప్పుకోవచ్చు.