పశ్చాత్తాపమును, పద్దుపుస్తకమును

కన్నీరు కార్చి క్షమాపణ వేడినంతనే పాపమును జయించితిమని తలచు క్రైస్తవులు పెక్కురు కలరు. అది జయము కాదు, ఆత్మవంచన యని మేము చెప్పక తప్పదు.

జాన్ న్యూటన్ అను ఆంగ్ల నావికుడు 1748వ సంవత్సరమున తుపానులో చిక్కి దైవమును శరణు వేడెను. దూషణములు మానెను, ప్రార్థనము నభ్యసించెను. అయినను 1754 వరకు బానిసలను కొనిపోవు ఓడలయందే కొలువుండెను. పైన ప్రార్థనము, క్రింద సంకెలలు! ఆ వ్యాపారమును గ్రంథముఖమున ఖండించుట 1788లో గాని జరుగలేదు. నాలుక చేసిన పాపము నెరిగినవాడు జీవనోపాధిలోని పాపమును చిరకాలము కానకపోయెను.

యెరికో పట్టణపు సుంకరియైన జక్కయ్య మార్గము వేరు. యేసు తన యింట నడుగిడిన దినముననే ఆస్తిలో సగము బీదలకిత్తుననియు, అన్యాయముగా గొన్నదానికి నాలుగంతలు మరలనిత్తుననియు పలికెను.

రక్షణము కృపవలననే గాని క్రియలవలన కాదని కొందరాక్షేపింతురు. కానిండు. కృప నొందిన చేతులు నిన్నటి దొంగతనమునే నేడును చేయుచుండునేని ఆ కృప యెక్కడ?

చదువరులారా! ఈ రాత్రి ప్రార్థనమునకు ముందు పద్దుపుస్తకమును విప్పుడు. పనివాని కూలిలో తక్కువ పడియున్నచో మొదట దానిని చెల్లింపుడు, పిమ్మట మోకరిల్లుడు.