లాజిక్ కాదు, లూథ్రా లెక్క తేలాలి



‘వార్ 2’లో లాజిక్ లేదని మీ పత్రిక సమీక్షకుడు కొట్టిపారేశారు. గూఢచారి సినిమాకు అదెప్పుడుంది? 1966లో కృష్ణ ‘గూఢచారి 116’ను మనవాళ్లు ఆదరించింది లాజిక్ వెతికి కాదు. కొనసాగింపు సినిమాలో పాత భాగం అప్పగించిన బంధాలను కొత్త భాగం ఏం చేసిందన్నదే చూడాలి. 2019 నాటి ‘వార్’లో కథానాయకుడు కబీర్ శిష్యుడు ఖాలిద్ స్థానంలో ఉన్నది మరొకడని తేలగానే అంతవరకు చూసిన స్నేహమంతా తలకిందులైంది. ‘వార్ 2’లో కబీర్ తన గురువు లూథ్రానే చంపుతాడు. అంత బరువైన ఘట్టం ఛేజింగుల్లో కొట్టుకుపోతుంది. కబీర్, విక్రమ్ (ఎన్టీఆర్)ల చిన్ననాటి స్నేహమేమో సగం సినిమా అయ్యాక ఫ్లాష్‌బ్యాక్‌గా వస్తుంది. ఫైట్లు చాలవా అంటారేమో. టామ్ క్రూజ్ బుర్జ్ ఖలీఫా నిజంగా ఎక్కాడు కాబట్టి ఆయన సినిమాలో అవి చాలాయి. గ్రాఫిక్స్‌లో ఎవరు దూకితే మనకేం? ఎన్టీఆర్ కోసమే వెళ్లినవాళ్లకైనా (అందులో తప్పేం లేదు) కావాల్సింది ఇంకో పోరాటం కాదు, ఆ స్నేహాన్ని ముందే నాటే రెండు సన్నివేశాలు.

– ఒక పాఠకుడు, గోదావరిఖని, పెద్దపల్లి జిల్లా