కాలనీ కబుర్లు: బుల్లి బండి, పెద్ద పందెం

మొన్న ఆదివారం పొద్దున్నే తలుపు తట్టిన చప్పుడు. శ్రీనగర్ కాలనీలో ఆ వేళప్పుడు తలుపు తట్టేది ఎవరు? వేషం కోసం తిరిగే కుర్రాడో, కథ చేతపట్టుకున్న రచయితో... తీరా చూస్తే ఎదురింటి పిల్లవాడు! తొమ్మిదేళ్ళుంటాయి. వాళ్ళ నాన్నగారు ప్రొడక్షన్ మేనేజరు. నెలలో ఇరవై రోజులు అవుట్‌డోర్‌లోనే వుంటాడు.

"అంకుల్, మీరు పత్రికల్లో రాస్తారుగా... రేసుల్లో చేరాలంటే ఎవర్ని అడగాలి?" అన్నాడు. (నాకింకా పెళ్ళే కాలేదు, అప్పుడే అంకుల్ నయిపోయాను!) చేతిలో వాళ్ళ నాన్న స్కూటర్ హెల్మెట్. తలకి పెట్టుకుంటే గడ్డం దాకా జారిపోతోంది.

సినిమా పత్రికలో ఈ రేసుల గోలేమిటి అంటారా? మరి మన హీరోలు వూరుకుంటున్నారా! నాగచైతన్య 2024లో 'హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్' అనే రేసింగ్ జట్టునే కొనేశాడు. సికింద్రాబాద్‌లో పుట్టి, 1993లో 'ప్రేమ పుస్తకం'తో మన తెలుగు తెరమీద హీరో అయిన అజిత్ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల పందెంలో అతని జట్టు తన తరగతిలో మూడోస్థానం తెచ్చుకుంది. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగర్ గట్టునే ఫార్ములా-ఇ కార్లు పరుగెత్తాయి. మా ఎదురింటి వాడికి పురుగు కుట్టింది ఆ రోజే, నాన్న భుజాలెక్కి చూసినప్పుడు!

అసలీ రేసర్లలో చాలామంది మొదలుపెట్టేది కారుతో కాదు, కార్ట్‌తో. నాలుగు చక్రాలు, ఇనుప గొట్టాల చట్రం, ఒక సీటు, ఒక ఇంజను... అంతే. డోర్లు లేవు, గేర్లు లేవు, స్ప్రింగులు లేవు. సీటు బెల్టు కూడా వుండదు! బండి బోర్లాపడితే పిల్లవాడు దానికింద చిక్కుకోకుండా అవతలికి పడాలని అలా వదిలేశారు. అందుకే హెల్మెట్, పక్కటెముకల కవచం, మెడ పట్టీ, చేతి తొడుగులు లేకుండా ఎక్కనివ్వకూడదు. మలుపులో సీటు అంచు పక్కటెముకల్ని ఎలా నొక్కుతుందో ఒకసారి ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది. నాకు తెలిసింది లెండి, రెండురోజులు కుడిపక్కకి తిరిగి పడుకోలేకపోయాను.

సరే, తండ్రి షూటింగ్ నుంచి వచ్చాక ముగ్గురం కలిసి నగరం శివార్లలో వున్న ఒక అద్దె ట్రాకుకి వెళ్ళాం. మావాడు మొదటి మలుపులోనే గిర్రున తిరిగి గడ్డిలోకి పోయాడు. రెండోసారీ అంతే. మూడోసారి అక్కడి మెకానిక్ దగ్గరికి పిలిచి, "బాబూ, తిప్పుతూ బ్రేక్ తొక్కకు. తిన్నగా వున్నప్పుడే తొక్కి, వదిలేసి, అప్పుడు తిప్పు" అన్నాడు. ఆ ఒక్క ముక్కలో సగం విద్య వుంది. ఈ రకం బండికి బ్రేకు వెనక చక్రాలకే. పైగా ఆ రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి వుంటాయి. కనుక మలుపులో లోపలి చక్రం వెంట్రుకవాసి నేలనుంచి లేస్తేగాని బండి సాఫీగా తిరగదు. కుడికాలు యాక్సిలరేటరు మీద, ఎడమకాలు బ్రేకు మీద. రెండూ ఒకేసారి తొక్కకూడదు. పెద్దవాళ్ళకి కారు నడిపిన అలవాటు అడ్డొస్తుంది, పిల్లలకి ఆ బాధ లేదు.

ఆరో రౌండుకి మావాడు గడ్డిలోకి పోలేదు. దిగినప్పుడు మొహం చూడాలి!

ఐతే అద్దె బండి వేరు, పందెం బండి వేరు. మన దేశంలో పేరున్న రోటాక్స్ పోటీల్లో చిన్నపిల్లలకి మైక్రో మాక్స్, ఆపైన మినీ, జూనియర్, సీనియర్ తరగతులున్నాయి. ఇంజను 125 సీసీయే, కాని చిన్నపిల్లల బండికి దాని ఊపిరి బిగించి పెడతారు. ఇంత బరువుండాలని నియమం వుంది, తక్కువైతే సీటుకి సీసం దిమ్మలు బిగిస్తారు. బక్కపిల్లాడని తల్లులు దిగులుపడక్కర్లేదన్నమాట. లైసెన్సుకి ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా ఇస్తుంది. డాక్టరు సర్టిఫికెట్, తల్లిదండ్రుల సంతకం కావాలి.

ఇక డబ్బు. ఇక్కడే మా ప్రొడక్షన్ మేనేజరు మొహం వాడిపోయింది. "స్విమ్మింగులాగా ఫీజు కట్టేస్తే అయిపోయేదనుకున్నా గురువుగారూ" అన్నాడు. బండి, టైర్లు, ఇంజను రిపేర్లు, మెకానిక్కు, పోటీల ఫీజు... సీజనుకి లెక్క లక్షల్లోకి పోతుంది. పైగా జాతీయ పోటీలకి ఎక్కువగా బెంగుళూరు, కోయంబత్తూరు వైపు పరుగెత్తాలి. లూయిస్ హామిల్టన్ తండ్రి కొడుకు కార్టింగ్ ఖర్చుకోసం ఒకేసారి రెండుమూడు వుద్యోగాలు చేసిన మాట నిజమే. షూమేకర్ చిన్నప్పుడు వాళ్ళ నాన్న పారేసిన పాతసామానుతో బండి కట్టిపెట్టిన మాటా నిజమే. కాని వాళ్ళ పేర్లు మనకి తెలిసింది వాళ్ళు గెలిచారు గనక! ఇల్లు తాకట్టుపెట్టి ఓడిపోయినవాళ్ళ కథలు ఎవరూ రాయరు.

అంచేత నేను ఆయనకి చెప్పిందిది: ముందు బండి కొనకండి. ఆరునెలలు అద్దె బండిమీదే తిప్పండి. రౌండుకి పట్టిన టైము ప్రతిసారీ కాగితం మీద రాసిపెట్టండి. టైము తగ్గుతోందా, వాడంతట వాడే 'మళ్ళీ ఎప్పుడు' అంటున్నాడా... చూడండి. అప్పుడు ఏదైనా అకాడమీలో నాలుగురోజుల శిక్షణ ఇప్పించండి, వాళ్ళ బండిమీదే. ఆ తర్వాత కూడా కొత్తది కాదు, అద్దెదో పాతదో. ట్రాకు పక్కన నిలబడి అరవకండి. నేను చూశాను, ఒక నాన్న కంచె పట్టుకుని "తొక్కరా తొక్కరా" అంటుంటే ఆ పిల్ల మలుపుకేసి చూడ్డం మానేసి నాన్నకేసి చూస్తోంది. అవును, పిల్లే! ఈ ఆటలో ఆడపిల్లలకి సాధారణంగా వేరే పందెం వుండదు, అందరితోపాటే.

తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు పంజాగుట్ట సిగ్నల్ దగ్గర, "పై నెల వైజాగ్ షెడ్యూలు వుంది... ఆదివారాలు వాణ్ణి మీరు తీసుకెళ్తారా?" అని అడిగాడు. వెనకసీట్లో హెల్మెట్ వొళ్ళో పెట్టుకుని నిద్రపోతున్నాడనుకున్నవాడు టక్కున కళ్ళు తెరిచాడు.

ఒప్పుకున్నాను. స్కూటర్ హెల్మెట్ మాత్రం తండ్రికి వాపసిచ్చేశాం. వాడి తలకి సరిపోయేది కొనాలి, అదే మొదటి ఖర్చు. నిన్నటి టైము కాగితం మా ఫ్రిజ్ మీద అంటించి వుంది.