మా చేతులు పెట్టి చూడందే మాకు కీబోర్డు అమ్మకండి!

బేరిగై, బాగలూరు, శూలగిరి చుట్టుపక్కల ఊళ్ళ అక్కలకు, అన్నలకు,

పోయిన నెల మా ఊరి అక్క ఒకామె హోసూరుకు పోయి కీబోర్డు కొనుక్కొచ్చింది. పోలియోతో రెండు కాళ్ళూ పోయాయి, ఎడమచెయ్యి భుజం దాకా లేవదు. వయసు నలభైకి దగ్గర. రవికెలు కుట్టి కూడబెట్టుకున్న దుడ్డు. అంగడి మేడమీద, లిఫ్టు లేదు. ఆమె ఆటోలోనే ఉండిపోయింది, తమ్ముడు మెట్లెక్కాడు. "ఎవరికప్పా?" అన్నారు. చెప్పాడు. "అట్లయితే చిన్నది చాలు" అని పిల్లలు వాయించే పెట్టె ఒకటి ముందు పెట్టారు. కింద ఆటో దాకా తెచ్చి ఒక్కసారి ఆమెకు చూపించండి అంటే, సీలు తీస్తే వాపసు లేదన్నారు. ఇంటికొచ్చి సీలు తీసింది. ఒక వేలు పెడితే రెండు మీటలు దిగుతున్నాయి. మర్నాడు తీసుకుపోతే, సీలు తీసేశారు కదా అన్నారు.

అంగడి పేరు రాయడం లేదు. ఒక్కరి పేరు రాస్తే తక్కినవాళ్ళంతా మంచివాళ్ళయిపోతారు.

"చిన్నది చాలు." ఈ మాట వినని వికలాంగులు మన తాలూకాలో ఉంటే చెయ్యెత్తండి. చిన్న పని చాలు, చిన్న చదువు చాలు, పెళ్ళిలో వెనకాల కుర్చీ చాలు. ఇప్పుడు సంగీతంలో కూడా చిన్న మీటలు చాలంట! పెద్ద మనిషి వేలికి సరిపోయే కీబోర్డులో సా నుంచి పై సా దాకా సుమారు పదహారున్నర సెంటీమీటర్లు ఉంటుంది. పియానో లెక్క అది. ముప్ఫైరెండు మీటలో, నలభైనాలుగు మీటలో ఉండే చిన్న పెట్టెల్లో ఆ దూరం బాగా తగ్గిపోతుంది. బడికి పోయే బిడ్డ వేళ్ళకు అది సరే. సూదీ దారం పట్టి కాయలు కాసిన వేళ్ళు అందులో ఎక్కడ దూరతాయి? కాళ్ళు పనిచెయ్యకపోతే వేళ్ళు కూడా పిల్లల వేళ్ళయిపోతాయా?

చిన్న మీటలు అందరికీ చెడ్డవని మేము అనడం లేదు. కీళ్ళవాతంతో చెయ్యి ముడుచుకుపోయినవాళ్ళకు, వేళ్ళు చాచలేనివాళ్ళకు అవే మేలు కావచ్చు. అది తేల్చాల్సింది వాయించే చెయ్యి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన కాదు. చెప్పులు కొనేటప్పుడు కాలు పెట్టి చూస్తాం కదా, వేలల్లో పెట్టి కొనే వాయిద్యం మీద వేలు పెట్టనివ్వరా?

అంగట్లో చూపించేది ఏమిటో అందరికీ తెలుసు. డెమో పాట నొక్కుతారు, ఇన్ని వందల టోన్లున్నాయంటారు, డోలు బీటు వేస్తారు, అయిపోయింది. మాకు కావలసింది వేరే. వేళ్ళలో బలం లేనివాళ్ళకు మీట తేలిగ్గా దిగాలి. అట్లాంటివాళ్ళకు పియానో మాదిరి బరువు మీటలు అంటగడితే పావుగంటలో మణికట్టు నొప్పి పుడుతుంది. చెయ్యి వణికేవాళ్ళకు ఇది తిరగబడుతుంది: మరీ తేలికైతే పక్క మీట తగిలినా మోగుతుంది, కాస్త బరువుంటేనే నయం. నొక్కిన బలాన్ని బట్టి శబ్దం పెరిగే కీబోర్డుల్లో చాలావాటికి ఆ 'టచ్' ఆపేసే ఏర్పాటు ఉంటుంది. ఆపేస్తే మెల్లగా నొక్కినా, గట్టిగా నొక్కినా స్వరం ఒకే నిండుతో వస్తుంది. బలంలేని చేతికి ఇదెంత సాయమో! ఈ సంగతి చెప్పి అమ్మిన అంగడి మాకింకా తగల్లేదు.

ట్రాన్స్‌పోజ్ మీట కూడా అంతే. మూడు వేళ్ళు మాత్రమే ఆడేవాళ్ళు తమకు అనువైన చోట ఒక్క వరస నేర్చుకుంటే చాలు, శ్రుతి ఎంత కావాలంటే అంతకు యంత్రమే మార్చి పెడుతుంది. ఒంటిచేతివాళ్ళు ఒక వరస ముందే రికార్డు చేసుకుని, దాని మీద రెండోది వాయించుకోవచ్చు. స్వరాన్ని జార్చే చక్రం మాత్రం ఉన్నవాటిలో సాధారణంగా ఎడమ చివరే ఉంటుంది. గమకం కావాలంటే అదే దిక్కు, మా అక్క ఎడమచెయ్యి అక్కడికి పోదు. కొనకముందు వాయించి చూసి ఉంటే ఇది ఆటోలోనే తెలిసేది.

కాలి పెడలు సంగతి వినండి. పెడలు తొక్కాలి కాబట్టి కాళ్ళు లేనివాళ్ళకు పనికిరాదని ఒక మేష్టరు తేల్చేశాడు. ఆ పెడలు ఏమిటి? కలిస్తే ఒకటి, విడిపోతే ఒకటి, అంతే ఉండే మామూలు స్విచ్చి. వెనకాల లావుపాటి పిన్ను గుచ్చుతారు. దాన్ని బల్లమీద పెట్టి మోచేత్తో నొక్కినా పనిచేస్తుంది. పెడలు లేకుండా పైనే స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ బటను ఉన్నవీ దొరుకుతాయి. స్టాండు విషయానికొస్తే, అంగళ్ళలో ఇచ్చేది కత్తెర స్టాండే. చక్రాల కుర్చీ దాని కిందికి పోదు, మోకాళ్ళు ఇనుముకు కొట్టుకుంటాయి. నాలుగు కాళ్ళ బల్ల కావాలి, కింద ఖాళీ ఉండాలి. ఇది చెప్పడానికి ఇంజనీరు కావాలా?

ఇంక ఓర్పుగా మాట్లాడటం మా వల్ల కాదు. ఇది ఇవాళ్టి కథ కాదు.

పందొమ్మిదో శతాబ్దం చివరి పాదంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్, కాలితో తొక్కే ఐరోపా హార్మోనియాన్ని నేలమీద కూర్చుని వాయించే చేతిపెట్టెగా మార్చాడు. ఒక చెయ్యి గాలి కొట్టాలి, ఒక చెయ్యి మీటలు నొక్కాలి. కాళ్ళు లేనివాళ్ళకు దారి తెరుచుకుంది, ఒంటిచేతివాళ్ళకు మూసుకుపోయింది. నాటకాల్లో కాలి హార్మోనియం మిగిలింది, దానికి కాళ్ళు కావాలి. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్నే బయటికి నెట్టింది, 1971 దాకా తలుపు తియ్యలేదు. గమకం పలకదనీ, మన స్వరానికి సరిపోదనీ వాదించారు. వాదనంతా పెట్టె గురించే. పెట్టె ముందు ఎవరు కూర్చుంటారు, వాళ్ళ చెయ్యి ఎట్లా ఉంటుందనే మాట ఎవరికి కావాలి? చివరికి గాలి కొట్టే పని లేని, ఒక్క వేలితో నొక్కినా మోగే వాయిద్యం వచ్చింది. దాన్ని తీసుకుపోయి మేడ మీద, సీలు వేసిన అట్టపెట్టెలో పెట్టారు.

వయసు మాట ఎత్తుతారు. తమిళనాడు జిల్లా ప్రభుత్వ సంగీత పాఠశాలల్లో చేరాలంటే 12 నుంచి 25 ఏళ్ళ లోపు ఉండాలి. కళలు నేర్పే జవహర్ సిరువర్ మండ్రం పిల్లలకే. మరి ఇరవై ఏళ్ళ దాకా బస్సెక్కడానికే మనిషి సాయం కావలసినవాళ్ళు, ముప్ఫై దాటాక చేతిలో నాలుగు రూపాయలు చూసినవాళ్ళు ఎక్కడికి పోవాలి? బెంగుళూరులో పుట్టిన మన ద్వారం వెంకటస్వామినాయుడు గారికి చూపు సరిగా లేదు. ఆ మహానుభావుడి వయొలిన్‌కు దేశమంతా చెవి ఒగ్గింది. ఆయన పటానికి దండ వేస్తాం, పక్కింట్లో కూర్చున్న మనిషికి "ఈ వయసులో ఎందుకు" అంటాం. కాలు పోయిన నర్తకి కథ 'మయూరి' సినిమా చూసి ఏడ్చిన ఊళ్ళే ఇవి!

ఫోనులో యాప్ ఉంది కదా అంటారు. అద్దం మీద వేలు జరిపి చూడండి, చూపు లేనివాళ్ళకు ఏ మీట ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది? ఆ మాట వదిలెయ్యండి.

అయినా మేము దానం అడగడం లేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో 29వ సెక్షను చదవండి. వికలాంగులు అందరితో సమానంగా సాంస్కృతిక జీవితంలో పాలుపంచుకునేలా చెయ్యాలనీ, వికలాంగ కళాకారులకు సాయం అందించాలనీ, కళల పాఠ్యక్రమాలను వాళ్ళు చేరగలిగేట్టు మార్చాలనీ, కావలసిన పరికరాలు తయారు చేయించాలనీ ఉంది. చెయ్యాల్సింది ఎవరు? ప్రభుత్వమూ, స్థానిక సంస్థలూ. స్థానిక సంస్థ అంటే మన పంచాయతీ కూడా. ఆఫీసుకు పోయి కీబోర్డు అడిగితే మాత్రం కుట్టుమిషను ఫారం ఇస్తారు. మా అక్కకు కుట్టుమిషను ఉందయ్యా! దాని మీద సంపాదించిన దుడ్డే ఆ అట్టపెట్టెలో పోయింది.

సాయం దొరికితే ఏమవుతుందో వినండి. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న పాల్ విట్‌గెన్‌స్టైన్ అనే వియన్నా పియానో విద్వాంసుడి కోసం ఫ్రెంచి స్వరకర్త రవెల్ ఎడమచేతికి మాత్రమే ఒక రచన చేశాడు, 1932లో ఆయన దాన్ని వియన్నాలో వాయించాడు. బాగా ఉన్నవాళ్ళ ఇంటి బిడ్డ కాబట్టి రాయించుకోగలిగాడు. మాకు పంచాయతీ ఒక్కటే ఉంది.

అడుగుతున్నది ఇదీ. ఊరి గ్రంథాలయంలో మూడు కీబోర్డులు పెట్టండి: తేలికైన అరవైయొక్క మీటలది ఒకటి, చిన్న మీటలది ఒకటి, కాస్త బరువు మీటలది ఒకటి. కింద ఖాళీ ఉన్న బల్ల వెయ్యండి. కరెంటు పోయినా ఆడేట్టు బ్యాటరీ వేసుకునేవి చూసి కొనండి. కావలసినవాళ్ళు నెలరోజులు ఇంటికి తీసుకుపోయి, చేతికి ఏది కుదిరిందో చూసుకుని, అప్పుడు సొంతానిది కొనుక్కుంటారు. మూడింటికీ అయ్యేది జాతరలో ఒక్క రాత్రి ఆర్కెస్ట్రాకు ఇచ్చే దుడ్డు కన్నా ఎక్కువ కాకపోవచ్చు. హోసూరు అంగళ్ళవాళ్ళకు చెప్పేది ఇంకా చిన్నది: ఒక్క కీబోర్డు సీలు తీసి కింద రోడ్డు మట్టానికి దించండి. అరగంట మమ్మల్ని వాయించుకోనివ్వండి. అంతవరకు మన ఊళ్ళనుంచి ఎవరూ అట్టపెట్టె చూసి దుడ్డు కట్టకండి, మేడ కింద ఆటోలో కూర్చుని ఎదురు చూడకండి.

అక్టోబరు 2న గ్రామసభ ఉంటుంది. చక్రాల బండ్లలో వచ్చేవాళ్ళను తీసుకురావడానికి ప్రతి వీధికీ ఇద్దరు ముందుకు రావాలి. 29వ సెక్షను మాట ఎత్తి, గ్రంథాలయంలో కీబోర్డుల తీర్మానం అడగండి. తీర్మానం పుస్తకంలో రాసి, చదివి వినిపించేదాకా ఎవరూ సంతకం పెట్టకండి.

ఇట్లు
బేరిగై చుట్టుపక్కల వికలాంగుల తరఫున